ఆవిడ అన్నది, నేను చెప్పింది

ఫిబ్రవరి 3, 2009, మంగళవారం

ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు ఏరుతుంటే ఒకావిడ పలకరించింది. హైదరాబాద్‌లో ఏం చేసేదానివమ్మా అని అడిగింది. కాలేజీలో జర్మన్ చెప్పేదాన్ని అన్నాను. అయ్యో, ఏ జావానో నేర్చుకోవాల్సింది కదా అంది. నిజంగానే జాలిపడింది, అదే ఒళ్లు మండించింది. బెండకాయలు అక్కడే వదిలేసి వచ్చాను. తీరా ఇంటికొచ్చాక అనిపించింది, లేతగానే ఉన్నాయవి.

తొమ్మిదేళ్లు పాఠం చెప్పాను. రెండు కథలు వారపత్రికలో పడ్డాయి. ఇప్పుడు హెచ్-4 వీసా. డిపెండెంట్. ఉద్యోగం చేయకూడదు, వాలంటీర్ చేయొచ్చు. అంటే జీతం లేని చాకిరీకి చట్టం అడ్డు చెప్పదు. పెళ్లయిన ఆడదానికి ఇందులో కొత్తేముంది.

లైబ్రరీ బోర్డు మీద ఒక కాగితం చూశాను. ఒక పెద్దావిడతో మాట్లాడటానికి జర్మన్ వచ్చిన వాలంటీర్ కావాలట. నంబర్ చింపుకొచ్చాను.

ఫిబ్రవరి 6

వెళ్లొచ్చాను. మా అపార్ట్‌మెంట్‌కి హైవే అవతలే ఉంది ఆవిడుండే ఓల్డేజ్ హోమ్. నడిచి దాటడానికి మాత్రం దారి లేదు. మా ఆయన దివాకర్ ఆఫీస్‌కి వెళ్తూ దింపాడు. జర్మన్ మాట్లాడటానికి టెక్సస్‌లో ఈ ఇర్వింగ్ దాకా రావాల్సి వచ్చిందా అని నవ్వాడు. నవ్వనీ.

పెద్దావిడ పేరు హెడ్విగ్ బ్రాండెల్. తొంభై ఒకటి. కిందటి అక్టోబర్‌లో స్ట్రోక్ వచ్చింది. డెబ్భై ఏళ్లు మాట్లాడిన ఇంగ్లిష్ ఒక్క రోజులో తుడిచిపెట్టుకుపోయింది. ఎవరైనా ఇంగ్లిష్‌లో మాట్లాడితే నీళ్లలో మునిగి విన్నట్టుంటుందట. చిన్నప్పటి జర్మన్ మాత్రం చెక్కుచెదరలేదు. ఒక్కతే కూతురు, సూజన్, జార్జియాలో అల్ఫారెట్టాలో ఉంటుంది. ఆవిడే ఫోన్‌లో ఇదంతా చెప్పింది. ఆ సూజన్‌కి జర్మన్ ఒక్క ముక్క రాదు.

నర్సులు పెద్దావిణ్ణి హెడీ, స్వీటీ అని పిలుస్తున్నారు, చంటిపిల్లని పిలిచినట్టు. నేను జర్మన్‌లో నమస్కారం చెప్పి, డాక్టరేట్ ఉన్నావిణ్ణి పిలిచినట్టు ఫ్రావ్ డాక్టర్ అన్నాను. కళ్లు తెరిచింది. ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. హైదరాబాద్‌లో అన్నాను. ఇంత పనికిమాలిన సరుకు అక్కడ కూడా కొనేవాళ్లున్నారా అంది. నాలుగు నెలలుగా మాట్లాడే దిక్కులేని మనిషి, నోరు తెరిచి మొదట అన్న మాట ఇది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అలవాటు కొద్దీ మధ్యలో మేడమ్ అనేశాను. ఆ పిలుపేంటని అడిగింది. మా దగ్గర స్టూడెంట్స్ టీచర్‌ని అలా పిలుస్తారన్నాను. అయితే అదే ఉంచు, ఫ్రావ్ డాక్టర్ అంటే నా ప్రొఫెసర్లు గుర్తొస్తారు, వాళ్లలో సగంమంది దొంగలు అంది.

ఫిబ్రవరి 20

మేడమ్ కథ ముక్కలు ముక్కలుగా తెలుస్తోంది. పుట్టింది బ్రున్ అనే ఊళ్లో. ఇప్పుడది చెక్ దేశంలో ఉంది. ఇంట్లో జర్మన్ మాట్లాడే యూదులు. ముప్పై తొమ్మిదిలో ఇరవయ్యొక్కేళ్ల పిల్లగా నాజీల నుంచి తప్పించుకుని వచ్చింది. వాళ్లమ్మ రాలేకపోయింది. ఇక్కడ టెక్సస్‌లో ఒక చిన్న ఊరి కాలేజీలో దాదాపు ముప్పై ఏళ్లు జర్మన్ చెప్పింది. ఎవరికి? జర్మనీలో ఆర్మీ బేస్‌కి వెళ్లబోయే కుర్రాళ్లకి. బీర్ ఎలా అడగాలో నేర్పమనేవాళ్లట. నేర్పాను, పెన్షన్ తెచ్చుకున్నాను అంది.

రెండు నవలలు రాసింది. ఒకటి జూరిచ్‌లో అచ్చయింది, ఎవరూ చదవలేదు. రెండోది ఎవరూ అచ్చెయ్యలేదు. ఇప్పుడు మూడోది, ఆ కాలేజీ గురించి. స్ట్రోక్ వచ్చేలోపు చాలావరకు రాసేసింది. చివరి భాగాలు మిగిలాయి. కుడిచెయ్యి పడిపోయింది కాబట్టి ఆవిడ చెప్పాలి, నేను రాయాలి.

పద్ధతి ఇదీ. ఆవిడ ఒక వాక్యం చెప్తుంది. రాసి, తిరిగి చదివి వినిపిస్తాను. సరిగ్గా ఉంటే వైటర్ అంటుంది. కానివ్వు అని. తప్పుంటే ఏమీ అనదు, కిటికీ వైపు తిరుగుతుంది. ఎక్కడ తప్పో నేనే వెతుక్కోవాలి.

చాలా రోజుల తర్వాత నాకు చేతినిండా పని దొరికింది.

మార్చి 4

ఇవాళ కిటికీకే ఎక్కువ పని పడింది.

కాలేజీలో వాళ్ల చైర్మన్ గురించి చెప్తూ, అతనంటే అసహ్యం అంది. నేను అతనంటే పడదు అని రాశాను. కావాలని కాదు. చెయ్యే మెత్తని మాట వైపు జారిపోయింది. ఇంకో రెండు వాక్యాల తర్వాత వాళ్లమ్మ సంగతి వచ్చింది. చంపారు అని చెప్పింది. చనిపోయింది అని రాశాను.

మేడమ్ కేకలేయలేదు. చనిపోవడం మా అమ్మ చేసిన పని అవుతుంది, చంపడం వాళ్లు చేసిన పని, ఎవరి పని వాళ్ల ఖాతాలో రాయి అంది. నీ మంచితనం ఇంట్లో వాడుకో, నా వాక్యంలో పెట్టకు అంది.

ఇంట్లో వాడుతూనే ఉన్నాను మేడమ్.

మార్చి 8, ఆదివారం

ఇంట్లో వాడకం ఇలా ఉంటుంది.

విజయశ్రీ వదిన దివాకర్‌కి అక్క. ఆవిడుండేది కూడా అల్ఫారెట్టాలోనే. కిందటేడు దివాకర్ ప్రాజెక్ట్ పోయి పని లేకుండా బెంచ్ మీద ఉన్నప్పుడు, వాళ్ల కంపెనీలో రిఫర్ చేయమంటే వదిన చేయలేదు. అప్పటినుంచి అక్కాతమ్ముళ్లకి మాటల్లేవు. ప్రతి ఆదివారం వదిన నాకు ఫోన్ చేస్తుంది. దివాకర్ పక్కనే సోఫాలో టీవీ చూస్తున్నట్టు నటిస్తుంటాడు.

ఇవాళ వదిన అంది, ఏమే ఉమా, వాడికి పొగరు దిగిందా, ఇంకో ఉద్యోగం కూడా ఊడాలా అని. నేను దివాకర్‌తో, ఆఫీస్ ఎలా ఉందని వదిన అడుగుతోంది అన్నాను. ఆవిడగారి సానుభూతి ఫ్రిజ్‌లో పెట్టుకోమను అన్నాడు దివాకర్. నేను వదినతో, బాగానే ఉందట వదినా, మిమ్మల్ని అడిగాడు అన్నాను.

కాపురానికొచ్చిన కొత్తలోనే అబ్బిన విద్య ఇది. మా అత్తగారు వంటింట్లోంచి అన్నది హాల్లో మామగారికి చేరేసరికి నేను చక్కెర కలిపేసేదాన్ని. ఆయనన్నది వంటింట్లోకి వచ్చేసరికి ఇంకో చెంచా. ఉమామహేశ్వరి నోట చేదు మాట రాదని చుట్టాలందరిలో పేరు. పేరంటాల్లో కూడా చెప్పుకునేవారు.

మార్చి 27

నాలుగు పేజీలు. అన్నిటికీ వైటర్. ఇంటికొచ్చి పాయసం చేశాను. ఏంటి విశేషం అన్నాడు దివాకర్. ఏం లేదన్నాను.

ఏప్రిల్ 15

ధైర్యం చేసి అడిగాను, సూజన్‌కి జర్మన్ ఎందుకు నేర్పలేదని. యుద్ధం అయిన కొత్తలో పుట్టింది, మేం ఆ భాష మాట్లాడితే పక్కింటివాళ్లు కిటికీలు వేసుకునేవాళ్లు అంది. ఆ భాషలో జోల పాడటానికి నాకూ నోరు రాలేదు అంది. అందుకే ఈ స్ట్రోక్ తర్వాత తల్లీకూతుళ్లకి మధ్య ఏమీ లేకుండా పోయింది. సూజన్ ఫోన్ చేస్తుంది, నర్సు రిసీవర్ మేడమ్ చెవి దగ్గర పెడుతుంది, మేడమ్ ఊపిరి వినిపిస్తుంది. అంతే.

తర్వాత నన్నడిగింది, నువ్వు రాస్తావా అని. రెండు కథలు రాశానన్నాను. ఇప్పుడెందుకు రాయవంటే టైమ్ లేదన్నాను. ఉద్యోగం లేదు, పిల్లలు లేరు, టైమ్ కూడా లేదు అంది. కిటికీ వైపు తిరిగింది.

మే 12

మేడమ్ బాత్రూమ్‌లో పడింది. ఎముకలేమీ విరగలేదు. కానీ హోమ్ వాళ్లు సూజన్‌కి ఫోన్ చేశారు. ఇక్కడ ఒంటరిగా ఇలా ఎంతకాలం అని అన్నారట.

మే 20

సూజన్ వచ్చింది. అరవై దాటిన మనిషి. పొడుగ్గా, జాగ్రత్తగా ఉంది. గదిలో అడుగు కూడా ఎవరినో లేపుతానేమో అన్నట్టు వేస్తుంది. మఫిన్స్ తెచ్చింది. మేడమ్ వాటివైపు చూడలేదు. సూజన్ కుర్చీ దగ్గరగా జరుపుకుని తల్లి చెయ్యి పట్టుకుంది. మేడమ్ చేతిని అలాగే ఉంచింది, టేబుల్ మీద వదిలేసిన గ్లోవ్‌లాగా.

సంగతి ఇది. అల్ఫారెట్టాలో సూజన్ ఇంటికి దగ్గర్లో ఒక హోమ్ ఉంది. మతి తప్పినవాళ్లని చూసుకునే చోటు. అక్కడికి మార్చాలని సూజన్ ఆలోచన. అక్కడ పుస్తకాలకి చోటు లేదు. జర్మన్ వచ్చినవాళ్లు లేరు. నేనూ ఉండను. మేడమ్ వెళ్లనంటోంది. అందుకని ఒక డాక్టర్ వచ్చి చూస్తాడు. ఈవిడ నిర్ణయాలు ఈవిడ తీసుకోగలదని అతను రాస్తే ఇక్కడే ఉంటుంది. తీసుకోలేదని రాస్తే సూజన్ ఇష్టం.

ఫోన్‌లో మాట్లాడే ఇంటర్‌ప్రిటర్‌ని పెట్టి చూశారట. మేడమ్ ముద్దమాట, పాత బ్రున్ యాస ఆ అమ్మాయికి అర్థం కాలేదు. కాబట్టి నేనే చెప్పాలి. సూజన్ నా రెండు చేతులూ పట్టుకుని థాంక్స్ చెప్పింది. మంచి మనిషి. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియడం లేదు.

మే 27

మేడమ్ ఇవాళ డిక్టేషన్ చెప్పలేదు. రేపటికి గులాబిరంగు స్కార్ఫ్ కావాలంది, తీసిపెట్టాను. చివరి చాప్టర్ మొత్తం తలలో సిద్ధంగా ఉందట. రెండు నెలలు చాలంది. ఆ తర్వాత నన్ను ఎక్కడ పడేసినా ఫర్వాలేదు అంది.

నిన్ను అడిగేది ఒకటే, నేనన్నది అన్నట్టు చెప్పు అంది. తప్పకుండా మేడమ్ అన్నాను.

మే 28, గురువారం, మధ్యాహ్నం 3

అయిపోయింది. పార్కింగ్ లాట్‌లో దివాకర్ కోసం కూర్చుని రాస్తున్నాను.

డాక్టర్ కుర్రవాడు, మర్యాదస్తుడు. ఒకవైపు అతను, ఒకవైపు సూజన్, మధ్యలో స్కార్ఫ్ కట్టుకుని మేడమ్. ఆవిడ పక్కన నేను.

ఇప్పుడు మీరెక్కడున్నారని అడిగాడు. ముసలివాళ్లు చచ్చేదాకా నిలవ ఉంచే గోడౌన్‌లో, ఆవుని కాల్చి దాన్నే సంస్కృతి అనుకునే రాష్ట్రంలో ఉన్నానంది. నేను ఇంగ్లిష్‌లో, టెక్సస్‌లో, ఒక హోమ్‌లో అన్నాను. టిక్ పెట్టుకున్నాడు.

ప్రెసిడెంట్ ఎవరన్నాడు. కొత్తాయన, బాగా మాట్లాడతాడు, బాగా మాట్లాడేవాళ్లంటే నాకు భయం, ముప్పై ఎనిమిదిలో రేడియోలో ఒకడు ఇంకా బాగా మాట్లాడాడు అంది. నేను, కొత్తాయన అంటున్నారు అన్నాను. పేరు చెప్పలేదా అన్నాడు. లేదన్నాను.

వందలోంచి ఏడేసి తీసేస్తూ రమ్మన్నాడు. పదకొండేళ్లప్పుడే లెక్కల్లో ఫెయిలయ్యాను, మళ్లీ పరీక్ష రాసే ఉద్దేశం లేదు, కావాలంటే ఈ అబ్బాయిని ఏదైనా ఒక భాషలో ఒక తప్పులేని వాక్యం చెప్పమను, మార్కులేస్తాను అంది. నేను, ఆవిడకి లెక్కలు రావట అన్నాను.

ఈ గదిలో నిప్పంటుకుంటే ఏం చేస్తారన్నాడు. ముందు నా రాతలు తీసుకుంటాను, తర్వాత నా కర్ర, ఈ డాక్టర్ని మాత్రం లోపలే ఉంచి తలుపేస్తాను అంది. నేను, కాగితాలూ కర్రా తీసుకుని బయటికి వెళ్తారట అన్నాను.

ఎవరైనా ఎలా చెప్తారు? అతను ఎదురుగా కూర్చుని చిరునవ్వు నవ్వుతున్నాడు. పెద్దావిడ పరువు పోతుందనిపించింది. పొగరుబోతు అనుకుంటే ఆవిడకే నష్టమనిపించింది. ఇలా ఇప్పుడు అనుకుంటున్నాను. అప్పుడు ఏమీ అనుకోలేదు. నోరు దాని పని అది చేసుకుపోయింది.

చివరికి అడిగాడు, మీ అమ్మాయి దగ్గరికి వెళ్లడం ఎందుకు ఇష్టం లేదని. మేడమ్ చాలాసేపు మాట్లాడింది. ఆయాసపడుతూ, ఆగి ఆగి, వాక్యం తర్వాత వాక్యం. అంతా సూజన్ ముఖంలోకి చూస్తూ అంది. ఆ మాటలు ఇక్కడ కూడా రాయలేను. ఏ కూతురికీ చెప్పగలిగేవి కావు. సూజన్ నావైపు ఆశగా చూస్తోంది.

నేనన్నాను, నువ్వు ఇంత శ్రద్ధ తీసుకుంటున్నందుకు అమ్మకి చాలా సంతోషం, థాంక్స్ చెప్పమంటోంది, నీకు భారం కావడం ఇష్టం లేదట, అలవాటైన చోటు కాబట్టి ఇక్కడ ఉంటే బాగుంటుందని అంటోంది, బాగా అలసిపోయింది అని.

సూజన్ ఏడ్చేసింది. తల్లి ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. డాక్టర్ పెన్ను మూసేశాడు. ఎందుకేడుస్తోందని మేడమ్ నన్నడిగింది. బాధపడుతోందన్నాను. పడనీ, ఇంత నిజం ఎప్పుడూ వినలేదు పాపం అంది.

దివాకర్ వచ్చాడు.

జూన్ 9

రిపోర్ట్ వచ్చింది. సూజన్ ఫోన్‌లో చదివి వినిపించింది. సౌమ్యురాలు, సహకరిస్తారు. జవాబులు పొడిపొడిగా, చిన్నపిల్లల స్థాయిలో ఉన్నాయి. తనకేం కావాలో స్పష్టంగా చెప్పలేకపోతున్నారు. స్వయంగా నిర్ణయాలు తీసుకునే స్థితిలో లేరు.

సౌమ్యురాలట.

జూన్ 10

డాక్టర్ ఆఫీస్‌కి ఫోన్ చేశాను. నేను సరిగ్గా చెప్పలేదు, మార్చి చెప్పాను అన్నాను. ఫోనెత్తిన అమ్మాయి కీబోర్డ్ టకటకలాడించింది. మీరు సర్టిఫైడ్ ఇంటర్‌ప్రిటరా అంది. కాదన్నాను. ఫ్యామిలీ మెంబరా అంది. కాదన్నాను. మళ్లీ పరీక్ష కావాలంటే ఫ్యామిలీ రిక్వెస్ట్ చేయాలంది. హావ్ ఎ గుడ్ డే అంది.

ఫ్యామిలీ అంటే సూజన్. సూజన్‌కి చెప్పాలంటే, మీ అమ్మ నీకు థాంక్స్ చెప్పలేదు, అది నా కల్పన, అసలన్నది ఇదీ అని మొత్తం చెప్పాలి.

దివాకర్‌తో చెప్పాను. నువ్వు మంచికే చేశావు, ఇంక తలదూర్చకు, మన వీసా స్టేటస్‌కి లేనిపోని లీగల్ గొడవలొద్దు అన్నాడు. మంచికే చేశావు. ఇంకోసారి ఆ మాటంటే గిన్నె విసిరేదాన్ని.

జూన్ 15

మేడమ్‌కి చెప్పేశాను.

కోప్పడుతుందనుకున్నాను. ఆ రోజు నువ్వు ఇంగ్లిష్‌లో ఏమేం చెప్పావో జర్మన్‌లో చదువు అంది, డిక్టేషన్ తిరిగి చదివించుకున్నట్టే. చదివాను. కొత్తాయన అంటున్నారు. ఆవిడకి లెక్కలు రావట. అమ్మకి చాలా సంతోషం. ఒక్కో వాక్యం చదివి ఆగాను, పాత అలవాటు. ఒక్కదానికీ వైటర్ అనలేదు.

అంతా అయ్యాక అంది, నన్ను ద్వేషించినవాళ్లున్నారు, చంపాలని చూసినవాళ్లున్నారు, మంచిదాన్ని చేసి పారేసింది మాత్రం నువ్వొక్కదానివే అని. కిటికీ వైపు తిరిగింది. సాయంత్రం దాకా కూర్చున్నాను. తిరగలేదు.

జూన్ 19

మళ్లీ వెళ్లాను. పెన్ను, కాగితాలు తీశాను. చివరి చాప్టర్ చెప్పండి మేడమ్, నెలాఖరుకి తీసుకెళ్లేలోపు ఎంతైతే అంత అన్నాను. ఎవరికి చెప్పమంటావు అంది.

జూన్ 27

ఇవాళ గది ఖాళీ చేశారు. పుస్తకాలు లైబ్రరీ సేల్ వాళ్లు కూడా వద్దన్నారు, జర్మన్ ఎవరు చదువుతారని. డొనేషన్ ట్రక్ ఎక్కాయి. మూడో నవల పెట్టె సూజన్ నాకిచ్చింది. ఇది చదవగలిగేది నువ్వొక్కదానివే కదా అంది.

చెబుదామని నోరు తెరిచాను. దేవుడి మీద ఒట్టు, తెరిచాను. ఇంతలో సూజన్ అంది, ఆ రోజు నువ్వు చెప్పిన అమ్మ మాటలు ప్రతి ఒక్కటీ నాకు గుర్తున్నాయి, ఈ జన్మకి మర్చిపోలేను అని. కళ్లలో నీళ్లు తిరిగాయి. నోరు మూసుకున్నాను. అరవయ్యేళ్లకి తల్లి నోట ఒక మంచి మాట విన్న మనిషి దగ్గర ఆ ఒక్కటీ ఎలా లాక్కుంటాను అనుకున్నాను.

మేడమ్‌ని వీల్‌చెయిర్‌లో కార్ దాకా తీసుకెళ్లారు. స్కార్ఫ్ ఎవరో తలకి కట్టారు, మెడకి కట్టుకునేది. సరిచేయబోయాను. ఎడమ చేత్తో నా చెయ్యి తోసేసింది.

జూలై 5, ఆదివారం

వదిన ఫోన్. మీ ఆయనగారు ఇంకా అలకపాన్పు మీదే ఉన్నాడా, నలభై వస్తున్నా ముడ్డి కడిగించుకునే బుద్ధి పోలేదు వాడికి అంది.

నాలో ఏదో తెగిపోయింది. దివాకర్ వైపు తిరిగి ఆ వాక్యం ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ మాట కూడా మింగకుండా. టీవీ ఆపేశాడు. తమ్ముడు రోడ్డున పడుతుంటే ఒక్క రిఫరల్‌కి చెయ్యి రాని మొహం ఇంకోసారి నా పేరెత్తొద్దని చెప్పు అన్నాడు. అది కూడా ఉన్నదున్నట్టు వదినకి చెప్పాను.

ఫోన్ వాడికివ్వు అని వదిన అరిచింది. దివాకర్ నా చేతిలోంచి లాక్కున్నాడు. బాల్కనీలోకి పోయి ఒకటే కేకలు. కింద పార్కింగ్‌లో వాళ్లు తలెత్తి చూశారు. అన్నం చల్లారిపోయింది. లోపలికి వచ్చేసరికి గొంతు బొంగురుపోయి ఉంది. కంపెనీలో లేఆఫ్‌లట, అక్క పేరే లిస్టులో ఉందట అప్పుడు, మనకి చెప్పలేదు అన్నాడు. నీళ్లు తాగి, నీతో అయినా చెప్పొచ్చు కదా అన్నాడు.

ఎలా చెప్తుంది? నేను చెప్పనిస్తేగా. బాగానే ఉందట, మిమ్మల్ని అడిగాడు. అదే కదా ప్రతి ఆదివారం నేను చెప్తూ వచ్చింది.

జూలై 12

వదిన దివాకర్ సెల్‌కే చేసింది. నాతో మాట్లాడనే లేదు. మంచిదే.

సెప్టెంబర్ 14

అల్ఫారెట్టా హోమ్‌కి ఎన్నిసార్లు ఫోన్ చేసినా హెడీ నిద్రపోతోంది అంటున్నారు.

అక్టోబర్ 8

సూజన్ ఈమెయిల్. మేడమ్‌కి రెండో స్ట్రోక్. జర్మన్ కూడా పోయింది. అమ్మ ఇప్పుడేమీ మాట్లాడటం లేదు, చాలా పీస్‌ఫుల్‌గా ఉంది అని రాసింది.

నవంబర్ 27, అల్ఫారెట్టా

థ్యాంక్స్‌గివింగ్‌కి వదిన ఇంటికి వచ్చాం. పన్నెండు గంటల డ్రైవ్. అక్కాతమ్ముళ్లు వచ్చినప్పటినుంచి వాదించుకుంటూనే ఉన్నారు, ఇద్దరి మొహాలూ వెలిగిపోతున్నాయి. వదిన నన్ను హోమ్ దగ్గర దింపింది.

మేడమ్ కిటికీ దగ్గర ఉంది. అటే చూస్తోంది. ఇప్పుడది తప్పు దిద్దడం కాదు, వాళ్లు అటు తిప్పి కూర్చోబెట్టారు. టీవీ నడుస్తోంది. జర్మన్‌లో పలకరించాను. మేడమ్ అన్నాను. ఏమీ లేదు. మెడలో స్కార్ఫ్ లేదు.

సూజన్ కాఫీ తెచ్చింది. ఇంక ఆగలేదు నేను. మే 28న గదిలో జరిగింది మొదటినుంచి చివరిదాకా చెప్పాను. గోడౌన్, కాల్చిన ఆవు, రేడియోలో మాట్లాడినవాడు, తప్పులేని వాక్యం, తలుపేసి లోపలుంచిన డాక్టర్. అన్నీ. చివరి ప్రశ్నకి ఆవిడ చెప్పిన జవాబు కూడా, మే నుంచి నా దగ్గర దాచుకున్నది, ఒక్క మాట తగ్గించకుండా ఇంగ్లిష్‌లో పెట్టాను. నా కూతురు దయగల మనిషి, మందకొడి మనిషి. దయ తండ్రిది, మందకొడితనం నేను చేసింది. నాకే సరిగ్గా రాని భాషలో దాన్ని పెంచాను, అందుకే మా ఇద్దరికీ ఒకరినొకరు ఏమనుకోవాలో కూడా ఇప్పటికీ తెలియదు. దాని ఇంటి పక్కన ఉంటే రోజంతా తల్లిగా ఉండాలి. అది నాకు చేతకాదు, చేతనవుతుందని అరవయ్యేళ్లు నటించాను. ఇక్కడ రోజుకి రెండు గంటలు రచయిత్రిని. ఆ రెండు గంటలు నాకు వదిలిపెట్టమను. అది నన్ను ప్రేమిస్తే చేయాల్సింది అదొక్కటే.

సూజన్ కప్పు కింద పెట్టింది. తిడుతుందనుకున్నాను. నవ్వింది. ఇది మా అమ్మే అంది. అచ్చం అమ్మే అంది. తర్వాత అంది, ఆ రోజు అమ్మ నాకు థాంక్స్ చెప్పిందని నువ్వన్నావు కదా, జన్మలో నాకు థాంక్స్ చెప్పని మనిషి, అప్పుడే అనుకున్నాను లోపల మా అమ్మ ఇక లేదని, అందుకే ఏడ్చాను, అందుకే సంతకం పెట్టాను అని.

నువ్వు ఇందులో ఒక్క ముక్క చెప్పినా ఇర్వింగ్‌లోనే ఉంచేదాన్ని అంది. మెల్లగా, కోపం లేకుండా అంది. ఇంకా నవ్వుతూనే ఉంది, కళ్లు మాత్రం కారిపోతున్నాయి.

మేడమ్ కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తోంది.

డిసెంబర్ 13, ఇర్వింగ్

పొద్దున సూజన్ ఫోన్ చేసింది.

మేడమ్ వెళ్లిపోయింది.

కొట్టేశాను.

మేడమ్ కన్నుమూసింది.

అదీ కొట్టేశాను.

మేడమ్ చచ్చిపోయింది.

రాసి, తిరిగి పైకి చదివాను. గదిలో ఎవరూ లేరు. వైటర్ అని వినపడుతుందేమోనని కాసేపు ఆగాను.